ఎముకను లెక్కగట్టిన కథ

తొడ ఎముక విరిగి ప్లేటు వేయించుకొన్న ఒక కొబ్బరి దింపు కార్మికుడు, నాలుగు నెలలు తిరగకుండానే ఆ ప్లేటు విరిగి నా వద్దకు వచ్చాడు. నేను సర్వీసులో ఉన్న రోజులవి. “ఎవరు నడవమన్నారయ్యా నిన్ను?” అని గట్టిగా మందలించాను. అతడు మారు పలుకలేదు. దింపు లేనిదే కూలి లేదు, కూలి లేనిదే పొయ్యి వెలగదు; కోనసీమలో పనిచేసిన వైద్యునికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నా మందలింపు పూర్తిగా న్యాయమైనది కాదని చాలా ఏళ్లకు గానీ నాకు బోధపడలేదు. ఎముకను కంప్యూటరులో నిర్మించి, దానిపై బరువు మోపి చూచే విద్యను గురించి చదివిన తరువాతనే ఆ కనువిప్పు కలిగినది.

ఈ కథ కంప్యూటరు కంటె చాలా పాతది. 1866లో జూరిచ్ నగరంలో హెర్మన్ ఫన్ మేయర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోసి, లోపలి సన్నని ఎముక పోగుల అమరికను చూపించాడు. కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు దానిని చూచి, తాను బరువులెత్తే క్రేనుకు గీసే బలరేఖలు అచ్చంగా ఇట్లే ఉంటాయని గుర్తించాడు. మన గన్నవరం అక్విడక్టు కమానులు నీటి భారాన్ని స్తంభాలకు పంచినట్లే, ఆ పోగులు దేహభారాన్ని పంచుతున్నవి. జూలియస్ వుల్ఫ్ 1892లో ఈ ఆలోచనను సిద్ధాంతంగా ప్రకటించాడు: భారం పడిన చోట ఎముక బలపడుతుంది, భారం తగ్గిన చోట క్షీణిస్తుంది.

అయితే వంకరటింకర ఆకారం గల ఎముకలో ఏ బిందువు వద్ద ఎంత ఒత్తిడి ఉన్నదో చేతిలెక్కతో తేల్చడం అసాధ్యం. దారి చూపినది వైద్యులు కారు, విమానాల ఇంజనీర్లు. రెక్క వంటి సంక్లిష్ట నిర్మాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు సమీకరణం వ్రాసి, అన్నిటినీ కలిపి కంప్యూటరుచేత సాధింపజేసే పద్ధతిని టర్నర్, క్లఫ్ ప్రభృతులు 1956లో ప్రచురించారు. దానికి ‘ఫైనైట్ ఎలిమెంట్’ అనే పేరు 1960లో క్లఫ్ పెట్టినదే. 1972లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్రెకెల్‌మాన్స్, పూర్ట్, స్లూఫ్ దానిని తొడ ఎముకకు అన్వయించారు. ఆ దశకంలోనే వచ్చిన సి.టి. స్కాను, ఎముక ఆకారాన్నీ సాంద్రతనూ కూడ కంప్యూటరుకు అందించగలిగినది.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా విద్యార్థులకు నేర్పిన గ్రంథకర్తలలో మన తెలుగువాడున్నాడని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉన్నది. వరంగల్లులో జన్మించి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన జె.ఎన్. రెడ్డి గారు 1984లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఎన్నో దేశాల తరగతి గదులకు చేరినది. 2019లో వారికి టిమొషెంకో పతకం లభించినది. వారు ఎముకల వైద్యులు కారు. కాని ఎముకను లెక్కగట్టేవారు ముందుగా నేర్చుకోవలసిన గణితం అదే.

ఇక ఈ లెక్కలు తేల్చినదేమిటి? ఉక్కు బిగువు గట్టి ఎముక బిగువుకు ఇంచుమించు పదిరెట్లు. టైటానియంది అందులో సగం. మరీ బిగువైన లోహం భారమంతా తానే మోస్తే, పక్కనున్న ఎముక పనిలేక పలుచబడుతుంది. వుల్ఫ్ చెప్పినదీ అదే. మరొక సంగతి నాకు సూటిగా తగిలినది. విరిగిన ముక్కల మధ్య సందు మిగిలితే, వేసిన ప్రతి అడుగుకూ ప్లేటు కొద్దిగా వంగుతుంది. ఆ సందుకెదురుగా స్క్రూ లేని రంధ్రముంటే ఒత్తిడి దాని అంచున పోగవుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్లే, చివరకు ప్లేటు అక్కడ తెగుతుంది. మా కార్మికుని ఎక్స్‌రేలో ఆ సందు స్పష్టంగానే ఉన్నది, ప్లేటు విరిగినదీ ఆ రంధ్రం వద్దనే. చూచి కూడ నేను అతని నడకనే తప్పుపట్టాను. ముందుగా నడవడం వల్ల నష్టం లేదనడం లేదు; నష్టానికి కారణం అదొక్కటే కాదు.

కంప్యూటరు నమూనా కూడ మనమిచ్చిన వివరాలనుబట్టే జవాబిస్తుంది. రోగి మధుమేహం, పొగాకు, పొలంగట్టుపై జారిన కాలు దానికి తెలియవు. కనుక ప్లేటు వేయించుకొన్నవారు తదుపరి ఎక్స్‌రే నాడు “ఎముక అతుకుతున్నదా, సందు పూడినదా?” అని వైద్యుని అడగండి. పూడలేదంటే ఊతకర్ర విడువకండి. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైతే తరువాతి తేదీకై ఎదురుచూడక వెంటనే వెళ్లండి.