కర్రను కాదు, మడమను చూడండి

ఇట్టా దగ్గరికి జరగండి పిల్లకాయలూ, మంట బాగా అంటుకునింది. కర్రసాము అంటే కర్ర తిప్పడమే అనుకుంటా ఉండారు మీరు. తిప్పడం ఎవరికైనా వస్తాది. ఎదుటోడి వాటం కనిపెట్టడం ఉంది చూడండి, విద్యంతా అందులోనే ఉండాది.

అప్పటికి మన చిల్లకూరు నెల్లూరు జిల్లానే, తిరుపతి జిల్లాలో కలిపింది 2022లో గదా. పీర్ల పండగ వస్తా ఉందంటే ముందునుంచే సరుగుడు తోపుల్లో సాము మొదలయ్యేది. సాయిబులేంది, రెడ్లేంది, మాలమాదిగలేంది, పీరు ముందర ఆడాలని అందరికీ ఉబలాటమే.

మా వస్తాదు మొదట్లో కర్ర చేతికే ఇయ్యలా. సముద్రం పక్క మనదంతా తెల్ల ఇసక. గాజు చేసేదానికి ఇప్పుడు లారీలకెత్తి తోలకపోతా ఉండేది ఆ ఇసకే. దాన్ని తడిపి చదును చేయించి, పెద్దవాళ్ళు ఇద్దరి చేత ఆడించేవాడు. మేము అటు తిరిగి కూకోవాల. ఆట ఆపినాక పిలిచి అడుగుల గుర్తులు చూపించేవాడు. మునివేళ్ళ కాడ లోతుగా దిగి ఉంటే వాడు మీదికి పోయినాడు. మడమ కాడ దిగి ఉంటే వెనక్కి తగ్గినాడు. అడుగు మెలి తిరిగి ఇసక అంచు చిట్లిపోయుంటే నడుం తిప్పి కొట్టినాడు. ఎవుడు ఏ పక్క నుంచి కొట్టినాడో చూడకుండానే మేము చెప్పాల.

కర్ర కొసను చూసేవాడు తన్నులు తింటాడు అబ్బయా. ఆ కొస వేగం కంటికి ఆనదు. కంటికి కనపడినదానికి చెయ్యి కదిలేసరికి సెకండులో ఐదోవంతు పడుతుందని మా మనవడు చదివి చెప్పినాడు. ఆలోపల వెదురుకర్ర నెత్తిన పడనే పడుతుంది. అందుకని కర్ర కంటే ముందు కదిలేదాన్ని పట్టుకోవాల. గట్టి దెబ్బ వేసేవాడికి ముందు వెనక కాలి మడమ లేస్తాది. తర్వాత తుంటి తిరుగుతాది, ఆమీదట భుజం, మోచెయ్యి, మణికట్టు. కర్ర వచ్చేది ఆఖరున. చూపు రొమ్ము మీద ఆనించి ఉంచితే పైన భుజాలూ కింద మోకాళ్ళూ రెండూ కనపడతాయి. కళ్ళల్లోకి మాత్రం వస్తాదు చూడనిచ్చేవాడు కాదు, కళ్ళతో మోసం చెయ్యడం తేలిక అనేవాడు. మీ చెడుగుడులోనూ అంతే గదా, కూతకొచ్చినోడి చేతులు చూసినోడు అవుటైపోతాడు, కాళ్ళు చూసినోడు పట్టేస్తాడు.

ఒక పండక్కి అరవదేశం నుంచి సిలంబం, అదే వాళ్ళ కర్రసాము, ఆడే మనిషి వచ్చినాడు. నిలువెత్తు మనిషి, చెయ్యి మంచి చురుకు. కుడిపక్క వేస్తున్నట్టు భుజం విదిలించి ఆపేసినాడు. వస్తాదు కదల్లా. ఎడమ పక్క విదిలించినాడు. అప్పుడూ కదల్లా. జనం కేకలు పెడతా ఉండారు, ముసలాయన బెదిరిపోయినాడని. మూడోసారి ఆ మనిషి మడమ ఇసక వదిలింది. కర్ర ఇంకా దిగనే లేదు, వస్తాదు లోపలికి జొరబడి వాడి మణికట్టు మీద తన కర్ర ఆనించేసినాడు. కొట్టలా, ఊరికే ఆనించినాడు. ఆ మనిషి కర్ర కింద పెట్టి కాళ్ళకు దండం పెట్టినాడు. తర్వాత అడిగితే వస్తాదు ఒకటే చెప్పినాడు: “భుజాన్ని ఉత్తినే ఆడించొచ్చురా. బరువు మార్చకుండా నిజం దెబ్బ వెయ్యలేరు.”

వానల్లేని ఏడు ఊళ్ళో విరాటపర్వం చదివించేవాళ్ళు. మన నెల్లూరు తిక్కన భారతం మొదలుపెట్టింది ఆ పర్వంతోనే. వంటవాడి వేషంలో ఉండే భీముడు జీమూతుడనే మల్లుడితో కుస్తీ పట్టే కాడికి వచ్చేసరికి వస్తాదు ముందుకు జరిగి కూకునేవాడు. తెల్లారి మా చేత ఆ కుస్తీ ఆడించి, పట్టు పట్టుకీ ఆపి, బరువు ఏ కాలి మీద ఉందిరా అని అడిగేవాడు. ఆ ప్రశ్న వేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల తక్కువైపోయినారు. నాకు తెలిసింది మీకు చెప్పిపోవాల. రేపు పొద్దు వాలేలోపల తోపు కాడ ఇసక తడిపి చదును చేసి పెట్టండి, ఆడపిల్లల్ని గూడా పిలుచుకోని రండి.