లోహపు ఫాంటసీ ఆటబొమ్మల గుర్తింపు

లోహపు ఫాంటసీ ఆటబొమ్మలు అనగా కల్పిత ప్రపంచాలకు చెందిన యోధులు, మాంత్రికులు, మరుగుజ్జు వీరులు, రాక్షసులు, డ్రాగన్‌లు మొదలైన పాత్రలను సీసం, తగరం మిశ్రమాలతో సుమారు ఒక అంగుళం ఎత్తున పోతపోసిన చిన్న ప్రతిమలు. 1970ల నుండి అమెరికా, బ్రిటన్ దేశాలలో బల్లమీద ఆడే యుద్ధక్రీడలలోను, పాత్రధారణ ఆటలలోను వీటిని పావులుగా వాడుతున్నారు. చేతికి దొరికిన పాత బొమ్మను ఎవరు తయారుచేశారు, ఎవరు మలిచారు, ఏ శ్రేణికి చెందినది, ఏ కాలంలో పోతపోసినది అనే విషయాలను నిర్ణయించడమే వాటి గుర్తింపు.

ఈ పనిలో రెండు తేదీలను వేరువేరుగా చూడవలసి ఉంటుంది. మొదటిది శిల్పి మూలప్రతిమను మలచిన కాలం. రెండవది చేతిలో ఉన్న ప్రతిని పోతపోసిన కాలం. బొమ్మ అడుగున ముద్రించి ఉన్న సంవత్సరం సాధారణంగా మొదటిదానినే తెలుపుతుంది. ఈ రెండింటి మధ్య ఇరవై ముప్పై సంవత్సరాల తేడా ఉండవచ్చును.

గుర్తింపు యొక్క అవసరం

గుర్తింపు వలన మూడు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది ఆరోగ్యం. పాత బొమ్మలలో అధికభాగం సీసం కలిసినవి. చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చే ముందు బొమ్మ ఏ కాలపు పోతయో తెలియడం చాలా ముఖ్యం. రెండవది వెల. ఒకే రూపానికి తొలి పోత, తరువాతి అధికారిక పోత, దొంగ పోత అనే భేదాలు ఉంటాయి. వీటి ధరలు ఒకటి కావు. మూడవది చరిత్ర. 1970లలో పనిచేసిన అనేక చిన్న సంస్థలు కొద్ది సంవత్సరాలలోనే మూతపడినవి. వాటి కృషికి బొమ్మలు, పలుచని జాబితా పుస్తకాలు, పత్రికలలోని ప్రకటనలు మాత్రమే మిగిలిన సాక్ష్యాలు.

చారిత్రక నేపథ్యం

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రచించిన చైన్‌మెయిల్ అనే మధ్యయుగ యుద్ధక్రీడా నియమావళిలో ఫాంటసీ అనుబంధం ఉండేది. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినది. ఈ ఆటకు ఆదరణ పెరిగేకొద్దీ, అంతవరకు చారిత్రక సైనికుల బొమ్మలు చేస్తున్న సంస్థలు కల్పిత పాత్రల వైపు కూడా మళ్ళాయి.

ఆట పేరును అధికారికంగా వాడుకునే హక్కు చేతులు మారుతూ వచ్చినది. 1977లో ఇంగ్లండుకు చెందిన మినిఫిగ్స్, 1980 నుండి 1982 వరకు అమెరికాకు చెందిన గ్రెనేడియర్, తరువాత కొద్దికాలం ఆట ప్రచురణకర్త అయిన టి.ఎస్.ఆర్. స్వయంగా, 1980ల మధ్యలో సిటాడెల్, 1987 నుండి రాల్ పార్థా ఈ బొమ్మలను తయారుచేశాయి. కనుక పెట్టెమీద ఆట యొక్క అధికారిక చిహ్నం, తయారీదారు పేరు రెండూ ఉంటే ఆ పెట్టె కాలం కొద్ది సంవత్సరాల తేడాతో తేలిపోతుంది.

తయారీ విధానం

శిల్పి సన్నని తీగతో అస్థిపంజరం వంటి ఆధారాన్ని చేసి, దానిపై గట్టిపడే ముద్దతో మూలప్రతిమను మలుస్తాడు. దానిని రెండు గుండ్రని రబ్బరు బిళ్ళల మధ్య ఉంచి, వేడిమి, ఒత్తిడి కలిగిస్తే రబ్బరు గట్టిపడి మూస తయారవుతుంది. మూసను గిర్రున తిప్పుతూ నడిమి రంధ్రంలో కరిగిన లోహాన్ని పోస్తారు. అపకేంద్ర బలం వలన లోహం అంచుల వైపుకు పరుగెత్తి గుంతలను నింపుతుంది.

మొదటి మూసలో వచ్చిన పోతలతో ఉత్పత్తి మూసలను తయారుచేస్తారు. రబ్బరు మూస వాడుకలో అరిగిపోతుంది. అందువలన ఒకే మూలప్రతిమకు అనేక మూసలు, ఒకే రూపంలో స్వల్ప భేదాలు ఏర్పడతాయి. చల్లబడేటప్పుడు లోహం కొద్దిగా కుంచించుకుపోతుంది కనుక, పోత నుండి మరల మూస తీసిన ప్రతిసారీ బొమ్మ కొంచెం చిన్నదవుతుంది. దొంగ పోతలను పట్టుకోవడానికి ఈ సూత్రమే ఆధారం.

గుర్తింపు ఆధారాలు

పీఠం: మొట్టమొదట చూడవలసినది బొమ్మ అడుగుభాగం. 1970ల బొమ్మలకు పీఠం కూడా లోహంతోనే, బొమ్మతో కలిపి పోతపోసి ఉంటుంది. దానిమీద సంస్థ పేరు, పొడి అక్షరాలు, సంఖ్య, సంవత్సరం ఉండవచ్చును; ఏమీ లేకపోవచ్చును కూడా. 1980ల మధ్యకాలంలో సిటాడెల్ సంస్థ స్లోటా పీఠాన్ని ప్రవేశపెట్టినది. ఈ పద్ధతిలో బొమ్మ పాదాల క్రింద సన్నని లోహపు పట్టీ ఉంటుంది. దానిని విడిగా ఇచ్చే ప్లాస్టిక్ పీఠంలోని గాడిలో దూర్చుతారు. పట్టీ ప్రక్కన పాత్ర పేరు, సంస్థ పేరు, సంవత్సరం చాలా బొమ్మలకు కనిపిస్తాయి. బొమ్మను పీఠానికి అతికించిన తరువాత ఈ అక్షరాలు మరుగున పడతాయి. అంతకు పూర్వపు సిటాడెల్ బొమ్మలను సేకరణకర్తలు ప్రీ-స్లోటా అని పిలుస్తారు.

లోహం: సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, తగరం సాంద్రత 7.3 గ్రాములు. ఒకే రూపానికి చెందిన రెండు పోతలను తూచినప్పుడు సీసం ఎక్కువగా ఉన్నది బరువు తూగుతుంది. సీసం కలిసిన లోహం మెత్తగా ఉండి కత్తి, ఈటె వంటి సన్నని భాగాలు సులభంగా వంగుతాయి. తగరం ఎక్కువైన మిశ్రమం గట్టిగా, తెల్లగా మెరుస్తుంది. రాల్ పార్థా సంస్థ 1993లో రాలీడియం అనే సీసం లేని మిశ్రమాన్ని ప్రవేశపెట్టినది. సిటాడెల్ బొమ్మలను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ 1997లో సీసాన్ని విడిచి తెల్లలోహానికి మారినది.

పరిమాణం: తొలి బొమ్మలు 25 మిల్లీమీటర్ల కొలతవి. శరీర నిష్పత్తి సహజంగా, చేతులు, ఆయుధాలు సన్నగా ఉంటాయి. 1980ల చివరి నుండి కొలత క్రమంగా 28 మిల్లీమీటర్ల వైపుకు పెరిగి, తలలు, చేతులు, ఆయుధాలు పెద్దవయ్యాయి. టోపీలు, ఈకలు, పీఠాల ఎత్తు మారుతూ ఉంటాయి కనుక చాలామంది సేకరణకర్తలు పాదాల నుండి కన్నుల వరకు కొలుస్తారు.

పేర్లు: మినిఫిగ్స్ మొదలైన సంస్థలు 1970ల మధ్యలో టోల్కీన్ నవలల పాత్రలను పోలిన బొమ్మలను అనుమతి లేకుండానే అమ్మినవి. 1977 ప్రాంతంలో హక్కుదారుల అభ్యంతరం వలన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలలో హాబిట్ అనే పదం హాఫ్‌లింగ్ గాను, ఎంట్ అనే పదం ట్రీయంట్ గాను మారినవి. హక్కుదారుల అనుమతి లేని శ్రేణిలో హాబిట్ అనే పేరు కనిపిస్తే అది తొలి కాలపుదనే అనుమానానికి బలం చేకూరుతుంది. అనుమతితో వెలువడిన శ్రేణులు వేరు. హెరిటేజ్, సిటాడెల్, ఐర్లండుకు చెందిన మిత్రిల్ సంస్థలు అటువంటివాటిని తయారుచేశాయి.

పెట్టెలు, ప్రకటనలు: పెట్టెమీద ఉన్న చిరునామా విలువైన ఆధారం. సిటాడెల్ చిరునామా మొదట న్యూఆర్క్, 1980ల మధ్య నుండి ఈస్ట్‌వుడ్. 1976లో మొదలైన ది డ్రాగన్, 1977లో మొదలైన వైట్ డ్వార్ఫ్ పత్రికలలోని ప్రకటనలు బొమ్మ విడుదలైన కాలాన్ని నెలతో సహా సూచిస్తాయి. అయితే పాత పెట్టెలో వేరే బొమ్మలను పెట్టి అమ్మడం సాధారణమే కనుక పెట్టెను మాత్రమే నమ్మరాదు.

శిల్పి శైలి: కెవ్ ఆడమ్స్ మలచిన గోబ్లిన్‌ల ముఖాలలోని వెకిలి నవ్వు, టామ్ మీయర్ బొమ్మలలోని సహజమైన అంగనిష్పత్తి అనుభవజ్ఞులు సులభంగా పోల్చుకుంటారు. కాని ఒకే శిల్పి పలు సంస్థలకు పనిచేసిన సందర్భాలు ఉన్నందున శైలిని బట్టి సంస్థను నిర్ణయించడం సరికాదు.

ముఖ్య తయారీదారులు

* మినిఫిగ్స్ - ఇంగ్లండులోని సౌతాంప్టన్. మిథికల్ ఎర్త్ శ్రేణి తొలి ఫాంటసీ శ్రేణులలో ఒకటి.
* రాల్ పార్థా - అమెరికాలోని సిన్సినాటి. 1975లో స్థాపించబడినది. తొలి శిల్పి టామ్ మీయర్. 2001లో ఏర్పడిన ఐరన్ విండ్ మెటల్స్ సంస్థకు దీని మూసలు చాలావరకు చేరాయి.
* గ్రెనేడియర్ - అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం. 1996లో మూతపడినది. దీని బొమ్మలలో అనేకం ఇటలీకి చెందిన మిర్లిటన్ సంస్థ ద్వారా తిరిగి వెలువడినవి.
* హెరిటేజ్ - అమెరికాలోని డల్లాస్. డంజియన్ డ్వెల్లర్స్ శ్రేణి ప్రసిద్ధం. 1980ల తొలినాళ్ళలో మూతపడినది.
* ఆస్గార్డ్ - ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. స్థాపకులలో ఒకరైన బ్రయన్ ఆన్సెల్ తరువాత సిటాడెల్‌ను నడిపించాడు.
* సిటాడెల్ - 1970ల చివర గేమ్స్ వర్క్‌షాప్ తోడ్పాటుతో న్యూఆర్క్‌లో ప్రారంభమైనది.

1980ల తొలినాళ్ళలో సిటాడెల్ బొమ్మలను అమెరికాలో రాల్ పార్థా, రాల్ పార్థా బొమ్మలను బ్రిటన్‌లో సిటాడెల్ అనుమతిపై పోతపోసేవి. ఈ కారణంగా ఒకే రూపం రెండు సంస్థల పెట్టెలలోను దొరుకుతుంది. రెండూ అసలైనవే.

ఒక ఉదాహరణ

పట్టీమీద 1987 అని ముద్రించిన రెండు సిటాడెల్ బొమ్మలు ఒకే రూపంలో ఉన్నాయని అనుకుందాం. మొదటిది బరువుగా, మెత్తగా, బూడిదరంగులో ఉన్నది. రెండవది తేలికగా, గట్టిగా, తెల్లగా ఉన్నది. సంవత్సరం ఒకటే అయినా మొదటిది 1997కు ముందు పోతపోసినదని, రెండవది ఆ తరువాతిదని భావించవచ్చును. రెండవది కొలతలో చిన్నగా, అక్షరాలు పూడుకుపోయి ఉంటే మాత్రం దొంగ పోత అని అనుమానించాలి.

దొంగ పోతలు

అసలు బొమ్మ నుండి అనుమతి లేకుండా మూస తీసి పోసినవి దొంగ పోతలు. వీటిని ఈ క్రింది లక్షణాలను బట్టి పోల్చవచ్చును.

* అసలుదానికంటే ఎత్తు, వెడల్పు స్వల్పంగా తగ్గి ఉండటం
* గొలుసుకవచం, వెంట్రుకలు, వేళ్ళ మధ్య గీతలు మసకబారడం
* ఉపరితలంపై చిన్న గుంటలు, బుడగల గుర్తులు
* అసలు బొమ్మలో లేని చోట అతుకు గీత, లేదా రెండు అతుకు గీతలు
* పీఠంమీద అక్షరాలు చెరిపివేసిన జాడ

వీటిలో ఏ ఒక్కటీ చాలదు. అరిగిన మూసలో వచ్చిన అసలు పోత కూడా మసకగానే ఉంటుంది. అసలైనదని తెలిసిన మరొక ప్రతితో పోల్చి కొలవడమే నమ్మదగిన పద్ధతి.

జాగ్రత్తలు, పరిరక్షణ

సీసానికి హాని లేని పరిమాణం అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. పాత బొమ్మలను పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. వాటిని ఆకురాయితో అరగదీసినప్పుడు వచ్చే పొడిని ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. నోట్లో వస్తువులు పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వరాదు.

కొన్ని బొమ్మలపై తెల్లని పొడి ఏర్పడుతుంది. ఓక్ మొదలైన కొన్ని రకాల కలప, అట్టపెట్టెల నుండి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినివేయగా ఏర్పడే సీసపు లవణమిది. ఇది విషపూరితం. ఇటువంటి బొమ్మలను విడిగా ఉంచి, కలప బీరువాలకు బదులు లోహపు లేదా పాలీప్రొపిలీన్ పెట్టెలలో, తేమ లేని చోట భద్రపరచాలి. ఇత్తడి సామాను తోమడానికి వాడే చింతపండు, నిమ్మకాయలతో గాని, వెనిగర్‌తో గాని వీటిని శుభ్రపరచరాదు. పులుపులోని ఆమ్లం సీసానికి హాని చేస్తుంది.

పాత రంగు తొలగించే ముందు బొమ్మను అన్ని వైపులనుండి ఛాయాచిత్రాలు తీయడం మంచిది. అడుగుభాగం, కొలత, బరువు, పెట్టెమీద వ్రాత కూడా నమోదు చేయాలి. రంగు, పాత పీఠం, వాటిపై యజమాని వ్రాసుకున్న అంకెలు కూడా ఆధారాలే. ఒకసారి కడిగివేసిన తరువాత అవి తిరిగి రావు.