అడ్డపొగ – ఆరని నిప్పు కథ



గ్యాసు పొయ్యిలు రాకముందు బొగ్గుల కుంపటి మీద వంట చేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. నిప్పు రాజెయ్యడం ఒక ఎత్తు, అది ఆరిపోకుండా నిలుపుకోవడం మరో ఎత్తు. బొగ్గులు మరీ కిక్కిరిసి ఉంటే గాలి ఆడక కుంపటి పొగలు చిమ్మి చల్లారిపోతుంది. మరీ పలచగా ఉంటే పప్పు ఉడక్కముందే బూడిదవుతుంది. పొగ తాగేవాళ్ళ ఇబ్బందీ సరిగ్గా ఇదే. “మగవాళ్ళ అలవాటు గొడవ మనకెందుకమ్మా?” అంటారేమో, కాస్త ఓపిక పట్టండి. ఈ కథ చివరికి మన ఆడవాళ్ళ దగ్గరికే వస్తుంది.

పొగాకు మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకుల ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. అక్బరు పాదుషా దర్బారుకు అదెలా చేరిందో అసద్ బేగ్ అనే ఉద్యోగి స్వయంగా రాసిపెట్టాడు. అతను బిజాపూరుకు రాచకార్యం మీద వెళ్ళి, 1604 ప్రాంతంలో తిరిగివస్తూ పొగాకునూ, దాన్ని తాగడానికి ఒక గొట్టాన్నీ తెచ్చాడు. గొట్టం మూడు మూరల పొడుగు. రెండు కొసలా రత్నాలు, మీనాపని. నిప్పు ఉండేచోట బంగారపు గిన్నె. తన పొగాకు ఎంత మేలురకమంటే, ఒక్క ఆకు అంటుకుంటే చాలు, మిగతాదంతా దానంతటదే కాలుతుందని గొప్పగా చెప్పుకున్నాడు. చూశారా, ఆనాడు కూడా మంచి పొగాకుకు గుర్తు ఆరిపోకపోవడమే!

పాదుషా ముచ్చటపడి రెండు మూడు దమ్ములు పీల్చాడు. పక్కనున్న వైద్యుడు కంగారుపడి ఇక చాలన్నాడు. మన వైద్యగ్రంథాల్లో లేని వస్తువు ప్రభువులు వాడడం ఏమిటని వాదన నడిచింది. అక్బరుకు అలవాటు కాలేదు గాని, దర్బారులో ప్రభువులంతా మాకంటే మాకని ఎగబడ్డారు. కొడుకు జహంగీరు 1617లో నిషేధించినా లాభం లేకపోయింది. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు కూడా 1604లోనే పొగాకును తిట్టిపోస్తూ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. అక్కడా ఎవరూ వినలేదు.

ఇక కలిగినవాళ్ళ హుక్కా చూడండి. చిలుంలో బెల్లపు పాకం కలిపిన పొగాకు పెట్టి, పైన నిప్పులు ఉంచుతారు. బొగ్గుపొడిని గంజితో ముద్ద చేసి ఎండబెట్టిన ఉండలైతే నెమ్మదిగా, ఎక్కువసేపు కాలతాయి. ఈ పనంతా చూడడానికి హుక్కాబర్దారు అని ప్రత్యేకంగా ఒక నౌకరు ఉండేవాడు. 1779లో కలకత్తాలో వారన్ హేస్టింగ్సు దంపతులు సంగీతానికీ విందుకూ అతిథులను పిలుస్తూ, హుక్కాబర్దారును తప్ప వేరే నౌకర్లను వెంట తీసుకురావద్దని ఆహ్వానంలో రాశారు. దొర పొగ తాగాలంటే నిప్పు చూసేందుకు మరో మనిషి ఉండాలన్నమాట.

నౌకరు లేని పైపుకు మాత్రం తాగేవాడే అన్నీ చూసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టినవాడు పొగాకును గట్టిగా కూరతాడు, గాలి ఆడక ఆరిపోతుంది. భయపడి గబగబా పీలుస్తాడు, నాలుక మండుతుంది. అనుభవజ్ఞులు అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త బిగువుగా నింపుతారు. మొదటిసారి అంటించగానే పొగాకు పైకి ఉబ్బుతుంది. దాన్ని మెల్లగా అణిచి రెండోసారి అంటిస్తారు. ఆ తర్వాత నింపాదిగా పీలుస్తారు. అయినా మధ్యలో ఆరుతూనే ఉంటుంది, మళ్ళీ అంటించుకుంటారు.

ఇప్పుడంటే జేబులో అగ్గిపెట్టె ఉంటుంది. గీస్తే వెలిగే అగ్గిపుల్లను జాన్ వాకర్ అనే ఇంగ్లీషు మందులవ్యాపారి 1827లో అమ్మకానికి పెట్టాడు. అంతకు ముందు, పల్లెల్లో ఆ తర్వాత చాలాకాలం కూడా, చుట్ట ఆరిందంటే పొయ్యిలో నిప్పు వెతుక్కోవలసిందే. పొలంలోనో, సముద్రపు ఒడ్డునో ఉన్నవాళ్ళ గతేమిటి?

దీనికి మన ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో, ఒక ఉపాయం వాడుకలోకి వచ్చింది. అదే అడ్డపొగ. వెలిగే కొసను నోట్లోపల పెట్టుకుని చుట్ట తాగడం! మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఈ అలవాటులో ఎక్కువ. ఎందుకమ్మా అంటే జవాబులు సిద్ధంగా ఉంటాయి. గాలికి ఆరదు. బూడిద బట్టల మీద రాలదు. చుట్ట చాలాసేపు వస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండి పని సాగుతుంది. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నారు. హుక్కాబర్దారును పెట్టుకోలేని కష్టజీవి, ఆ నిప్పును కాపాడడానికి తన నోటినే అడ్డం పెట్టింది.

కాని ఆ వేడీ పొగా తిన్నగా తగిలేది నోటి పైకప్పుకు, అంటే అంగిలికి. మొదట అంగిలి తెల్లబారుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో పుండు పడి కాన్సరుగా మారుతుంది. మామూలుగా అంగిలికి కాన్సరు రావడం అరుదు. మన కోస్తాలో అది ఎక్కువగా కనిపించడం, అడ్డపొగతో దానికున్న సంబంధం చాలాకాలం కిందటే వైద్యుల దృష్టికి వచ్చాయి. 1971లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులతో కలిసి, ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి ఆ వివరాలు ప్రచురించారు. ఇంత చిన్న అలవాటు కోసం అన్ని వేల నోళ్ళు తెరిపించవలసి వచ్చింది.

ఈ అలవాటు ఈనాటికీ పూర్తిగా పోలేదు. తీరప్రాంతాల్లో వయసు మళ్ళిన ఆడవాళ్ళలో ఇంకా కనిపిస్తోంది. మీ బంధువుల్లో పెద్దావిడో, మీ ఇంట పనిచేసే అవ్వో అడ్డపొగ తాగుతూ ఉంటే అసహ్యించుకోకండి, నలుగురిలో నవ్వకండి. నవ్వితే దాచుకుని తాగుతుంది, అంతకంటే ఏమీ జరగదు. పక్కన కూర్చోబెట్టుకుని, “నోరు ఒక్కసారి తెరువమ్మా” అని దీపపు వెలుగులో చూడండి. తెల్లమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే దంతవైద్యుని దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళండి. చుట్ట మానేస్తే తెల్లమచ్చలు చాలామందిలో తగ్గుముఖం పడతాయని వైద్యులు చెబుతున్నారు. ఇన్నేళ్ళ అలవాటు ఇప్పుడేం పోతుందని ఆవిడ అనవచ్చు. అయినా ఊరుకోకండి. మళ్ళీ మళ్ళీ చెప్పండి.