బ్యాండ్‌లో వాయించేందుకు బేస్ కాంబో: వాట్లు ఒక్కటే చూస్తే చాలదు

యాంప్లిఫయర్, స్పీకర్ ఒకే పెట్టెలో ఇమిడి ఉండే పరికరమే కాంబో. నాలుగు తీగల బేస్ గిటార్ పలికించే అత్యంత మంద్ర స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఐదు తీగల గిటార్‌లో అది దాదాపు 31. ఇంత మంద్ర ధ్వనులను మానవ శ్రవణేంద్రియం సులభంగా గ్రహించలేదు. అందువల్లే లీడ్ గిటార్‌కు 50 వాట్లు సరిపోయే చోట, అదే సామర్థ్యం గల బేస్ కాంబో డ్రమ్స్ హోరులో వినిపించకుండా పోతుంది. డ్రమ్స్ ఉన్న బృందానికి 200 నుంచి 300 వాట్లు మేలు. అయితే వాట్లు రెట్టింపైనా పెరిగే ధ్వని 3 డెసిబెల్స్ మాత్రమే.

కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఓమ్స్ విషయంలో. పెట్టెపై 500 వాట్లని ముద్రించినా అది 4 ఓమ్స్ లెక్క కావచ్చు. లోపలి స్పీకర్ 8 ఓమ్స్‌దైతే, అదనపు క్యాబినెట్ జోడించేవరకు పూర్తి శక్తి వెలువడదు.

స్పీకర్ 10 అంగుళాలదా, 15 అంగుళాలదా అన్నది అభిరుచికి సంబంధించినది. పెద్ద వేదికలకు మాత్రం ఎక్స్‌ఎల్‌ఆర్ డీఐ అవుట్‌పుట్ తప్పనిసరి. అది ఉంటే శ్రోతలకు వినిపించే భారాన్ని పీఏ వ్యవస్థ మోస్తుంది. కాంబో వేదికపై ఉన్నవారికి వినిపిస్తే చాలు. మెట్లెక్కి మోసుకెళ్లేవారికి తేలికైన క్లాస్-డి యాంప్లిఫయర్లు నిజమైన ఊరట. దుకాణంలో ఒంటరిగా వాయించి నిర్ణయించవద్దు. వీలైతే డ్రమ్మర్‌ను వెంట తీసుకువెళ్లి, మిడ్ నాబ్ కాస్త పెంచి వినాలి.