అరిస్టాటిల్ దైవం, అక్వినాస్ దైవం

మనిషి మొర దైవానికి వినబడుతుందా? గ్రీకు తత్త్వచింతనకూ, మధ్యయుగ క్రైస్తవ చింతనకూ గల ముఖ్యమైన భేదం ఈ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ‘మెటాఫిజిక్స్’ పన్నెండవ భాగంలో దైవాన్ని గురించి చర్చించాడు. కదిలే ప్రతిదానినీ మరొకటి కదిలిస్తుంది. ఈ వరుస అంతులేకుండా సాగజాలదు. కనుక తాను కదలక, తక్కినవాటిని కదిలించే ఆదికారణం ఒకటి ఉండి తీరాలి. అదే దైవం. అయితే ఆ దైవం ప్రపంచాన్ని సృష్టించలేదు. ఆయన దృష్టిలో ప్రపంచం అనాది. ప్రేమపాత్రమైనది ప్రేమించేవాణ్ణి ఆకర్షించినట్లు, ఆ దైవం ఖగోళాలను కదిలిస్తుంది. దాని ఆలోచన సదా తనను గురించే. మనిషి మొరకు అక్కడ చోటు లేదు.

ఈ భావాలు ముస్లిం ప్రపంచంలో ముందుగానే తీవ్ర చర్చకు గురయ్యాయి. ఇమామ్ గజ్జాలీ (మరణం 1111) ‘తహాఫతుల్ ఫలాసిఫా’లో 20 అంశాలపై తత్త్వవేత్తలను విమర్శించి, మూడింటిని కుఫ్ర్‌గా నిర్ణయించారు: ప్రపంచం అనాది అనడం, ఒక్కొక్క విషయం విడివిడిగా దేవునికి తెలియదనడం, మృతదేహాలు తిరిగి లేపబడవనడం. తరువాత అరబ్బీ, గ్రీకు గ్రంథాల లాటిన్ అనువాదాల ద్వారా అరిస్టాటిల్ భావాలు పారిస్ చేరాయి. 1270లో అక్కడి బిషప్ ఎతియెన్ తాంపియే నిషేధించిన 13 ప్రతిపాదనలలో పై మొదటి రెండూ ఉన్నాయి.

ఆ కాలపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ (మరణం 1274) అరిస్టాటిల్ తర్కాన్ని వదలలేదు. ‘సుమ్మా థియోలోజియే’లో దైవాస్తిత్వానికి ఇచ్చిన అయిదు నిరూపణలలో మొదటిది చలనాన్ని గురించినదే. కాని దానికి ఆయన మరొక భావాన్ని జోడించాడు. ఒక వస్తువు ‘ఏమిటి’ అన్నది వేరు, అది ‘ఉన్నది’ అన్నది వేరు అని ఇబ్నె సీనా (మరణం 1037) వివరించారు. ఆ మార్గంలోనే నడిచి అక్వినాస్, సృష్టిలోని ప్రతిదానికీ ఉనికి దేవుడు ఇచ్చినదే అన్నాడు. శిల్పి శిలకు రూపమే ఇస్తాడు, శిలను సృష్టించడు. కనుక అతని జ్ఞానం ఆ రూపం వరకే. దేవుడు పదార్థాన్ని కూడా ఇస్తాడు. కనుక ఒక్కొక్క వస్తువూ, ఒక్కొక్క మనిషీ ఆయనకు తెలుసు. ఇక ప్రపంచానికి ఆరంభం ఉందన్నది కేవలం తర్కంతో నిరూపించలేమనీ, అది విశ్వాసం ద్వారా తెలిసేదనీ అక్వినాస్ అంగీకరించాడు.

ఇద్దరి తర్కమూ ఆదికారణం వద్దకే చేరింది. కాని కదిలించేవాడు వేరు, ఉనికినిచ్చేవాడు వేరు. సృష్టించినవానికే తన సృష్టి పూర్తిగా తెలుస్తుంది; తెలిసినవానికే మొర వినబడుతుంది.