కొస్తాకిస్ చిత్ర సంగ్రహము

నైరూప్య చిత్రము ముందు నిలిచిన సామాన్య ప్రేక్షకునికి మొదట తోచు ప్రశ్న, "ఇది దేని బొమ్మ?" అన్నది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఏరు లేదు. త్రికోణములు, వృత్తములు, రంగుల పట్టెలు మాత్రమే ఉన్నవి. ఆ ప్రశ్నకు కళాకోవిదులు పలువిధముల సమాధానము చెప్పినారు. అటువంటి చిత్రములు కొన్ని నశించిపోక మన కాలమువరకు ఎట్లు నిలిచినవో చెప్పుట మాత్రమే ఈ ప్రసంగమునందు నా ఉద్దేశము.

1981లో న్యూయార్కునందలి గుగ్గెన్‌హైమ్ మ్యూజియములో ఒక ప్రదర్శన జరిగినది. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో రష్యా చిత్రకారులు సృష్టించిన నూతన కళాఖండములు అందు చోటుచేసికొన్నవి. అవి ఏ ప్రభుత్వ భాండాగారమునుండియో వచ్చినవి కావు. జార్జి కొస్తాకిస్ అను ఒక ఉద్యోగి సొంతముగా కూడబెట్టినవి.

ఆ చిత్రముల పుట్టుక తెలియవలెనన్న 1915కు పోవలెను. ఆ సంవత్సరము డిసెంబరులో పెట్రోగ్రాడు నగరమున జరిగిన ప్రదర్శనలో మాలెవిచ్ తన నల్ల చతురస్రమును గది మూలలో, పైకప్పుకు దగ్గరగా తగిలించినాడు. రష్యను గృహములలో అది పూజాపటము ఉంచు తావు. మన యిండ్లలో దేవుని గూడున్న చోట నల్లని పలక నొకదానిని నిలిపినట్లు భావింపుడు! ఆ కాలముననే ల్యుబోవ్ పొపోవా, ఓల్గా రోజనోవా వంటి యువతులును రూపమును విడిచి కేవలము వర్ణముతో, రేఖతో చిత్రములు రచించినారు. రోజనోవా 1918లో, పొపోవా 1924లో అంటువ్యాధులకు గురియై చిన్న వయసుననే మరణించినారు.

విప్లవానంతరము కొంతకాలము ఈ కళకు ఆదరణ లభించినది. కాని 1932లో సోవియెట్ ప్రభుత్వము స్వతంత్ర కళాకార సంఘములను రద్దుచేసినది. 1934నాటికి సామ్యవాద వాస్తవికత యొక్కటే అంగీకృత మార్గమైనది. గోడలపైనుండి దించిన చిత్రములు మ్యూజియముల నేలమాళిగలకు, బంధువుల యిండ్ల అటకలకు చేరినవి. కొన్ని నశించినవి.

కొస్తాకిస్ 1913లో మాస్కోలో గ్రీకు దంపతులకు జన్మించినాడు. మొదట గ్రీకు రాయబార కార్యాలయమున మోటారు డ్రైవరు. పిమ్మట కెనడా రాయబార కార్యాలయమున ఉద్యోగి. కళాశాలలో కళాచరిత్రను అభ్యసించినవాడు కాడు. తొలుత అందరివలెనే పాత డచ్చి చిత్రములు, వెండి సామానులు, తివాచీలు సేకరించెడివాడు. 1946లో రోజనోవా చిత్రమొకటి అతని కంటబడినది. దాని వర్ణకాంతి ముందు ఇంటనున్న డచ్చి చిత్రములన్నియు వెలవెలబోయినట్లు తోచినవట. నాటినుండి పాతవాటిని వదలించుకొని, ఎవరికిని పట్టని ఈ చిత్రములకై వెదకుట ప్రారంభించినాడు. చిత్రకారుల వితంతువులను, సోదరులను, శిష్యులను ఒక్కొక్కరినే కలిసికొన్నాడు.

అతడు స్వయముగా చెప్పిన ముచ్చట యొకటి కలదు. పొపోవా బంధువుల యింట ప్లైవుడ్ పలకపై రచించిన చిత్రమొకటి కిటికీకి అడ్డుగా కొట్టబడియున్నది. దానిని ఇమ్మనగా, తీసివేసినచో వాన లోనికి వచ్చునని యజమాని అభ్యంతరము చెప్పినాడు. కొస్తాకిస్ మాస్కోకు మరలిపోయి, అంతే కొలతగల మరొక ప్లైవుడ్ పలకను తెచ్చియిచ్చి, చిత్రమును తీసికొనిపోయినాడు. ఆ యజమానిని నిందింపలేము. వాన రాకుండ కాపాడుకొనుట అతని అవసరము. ఆ పలకపై ఏమున్నదో అతనికి చెప్పినవారు లేరు.

క్రమముగా కొస్తాకిస్ యిల్లు చిత్రములతో నిండిపోయి, అనధికార మ్యూజియమైనది. షగాల్ వంటి మహాచిత్రకారులు వచ్చి చూచిపోయినారు. కాని 1970వ దశకమున అతని యింట దొంగతనమును, అగ్నిప్రమాదమును సంభవించినవి. చివరకు 1977లో దేశము విడుచుటకు అనుమతి లభించినది. అందుకు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు: సంగ్రహములో శ్రేష్ఠములైన చిత్రములనేకము మాస్కోలోని ట్రెట్యకోవ్ గ్యాలరీకి అప్పగింపవలసివచ్చినది. మిగిలిన భాగము మాత్రమే వెంట వెళ్ళినది. ఆ భాగమే 1977లో జర్మనీలోని డ్యుసెల్డార్ఫునందును, 1981లో న్యూయార్కునందును ప్రదర్శింపబడినది. రష్యాలో ఇంతటి కళ వికసించినదా అని పాశ్చాత్యులు విస్మయపడినారు.

కొస్తాకిస్ 1990లో ఏథెన్సు నగరమున మరణించినాడు. 2000 సంవత్సరములో గ్రీసు ప్రభుత్వము 1,270కి పైబడిన కళాఖండములను అతని కుటుంబమునుండి కొని, థెస్సలొనీకీ నగరమునందలి మ్యూజియమున నెలకొల్పినది. 2014లో ట్రెట్యకోవ్ గ్యాలరీయే అతని స్మృత్యర్థము ప్రదర్శన జరిపినది. ఒకనాడు దాచివేసిన చిత్రములను అక్కడి ప్రజలు వరుసలో నిలిచి చూచినారు.

ఈ చిత్రములు అందరికిని నచ్చవలెనను నియమము లేదు. కాని నచ్చుటకుగాని, నచ్చకపోవుటకుగాని అవి ముందు కంటికి కనబడవలెను గదా! ఆ అవకాశమును కొస్తాకిస్ తరువాతి తరములకు మిగిల్చినాడు. మన యిండ్ల అటకలపైనను తాతలనాటి తాటాకు పుస్తకములో, పాత పటములో ఉండవచ్చును. వాటిని పనికిమాలినవని పారవేయుటకు ముందు, తెలిసినవారికి ఒక్కసారి చూపుట మంచిది.