అబద్ధం

సంస్కృతంలో 'బంధ్' ధాతువు నుంచి పుట్టిన 'బద్ధ' శబ్దానికి కట్టబడినదని అర్థం కాగా, దానికి వ్యతిరేకమైన 'అబద్ధం' పొంతన లేని మాటను కూడా సూచించి, తెలుగులో అసత్యానికి వాడుకమాటగా స్థిరపడింది. అబద్ధాల్లో గొప్పలకు పోయి చెప్పేవి కోతలు, చేసిన తప్పును చేయలేదని దబాయించడం బుకాయింపు. వీటన్నిటికన్నా లోతైనది 'బొంకు'. ఇది నామవాచకమూ క్రియా కూడా కావడంతో 'బొంకించు' అనే ప్రేరణార్థకం, అంటే ఇతరులచేత అబద్ధమాడించడమనే మాట, దీని నుంచి ఏర్పడింది. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే, గదిలో కూర్చునే 'నాన్న ఊళ్లో లేడు' అని పిల్లవాడిచేత చెప్పించే తండ్రి చేస్తున్నది అదే, అబద్ధాలన్నిటిలో హీనమైనదీ అదే. వివాహ, ప్రాణ, మాన రక్షణల కోసం బొంకవచ్చునని వామన చరిత్రలో శుక్రాచార్యుడు ఇచ్చిన సడలింపును బలి చక్రవర్తి స్వీకరించలేదు.